పదును పెట్టని గొడ్డళ్లు

ఈ ఆదివారం పొద్దున రాగి చెంబు తోముతున్నాను. నానబెట్టిన చింతపండులో ఉప్పు కలిపి రుద్దుతుంటే నల్లటి పొర కరిగి, కింద నుంచి ఎర్రటి లోహం బయటపడుతోంది. వేళ్లకు ఒక వాసన పట్టింది. నెత్తురు వాసనకు దగ్గరగా ఉండే వాసన అది. రాగికి అసలు వాసనే లేదని, రాగి తగిలిన మన చర్మమే అలా వాసన వేస్తుందని అప్పన్న అంకుల్ చెప్పేవారు. "లోహం మీద కాదమ్మా, నీ మీద సూసుకో" అని నవ్వేవారు. ఆయన పోయి నలభై రోజులైంది. చెంబు సగం తోమి పక్కన పెట్టేశాను. సగం ఎర్రగా, సగం నల్లగా అది ఇంకా సింకు పక్కనే ఉంది.

ఇది చదివేవాళ్లలో ఆయన్ని చూసినవాళ్లు ఉండరు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కంటే కొంచెం కిందికి ఉండేది. ముప్పై ఏళ్లు సుత్తి ఎత్తిన భుజం. కనుబొమలు సగం కాలిపోయి పలచగా ఉండేవి. హామిల్టన్‌లో ఆయన అంత్యక్రియల రోజున చాలామంది మాట్లాడారు. దేవుడిలాంటి మనిషి అన్నారు, బంగారం అన్నారు. ఆయనకు బంగారం పని రాదు. ఇనుము పని వచ్చు, రాగి కొంత వచ్చు. నేను ఆ రోజు మాట్లాడలేదు. మాట్లాడితే ఏం చెప్పి ఉండేదాన్నో అది ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి మేము హామిల్టన్ చేరేసరికి నాకు ముప్పై ఒకటి. అంతకు ముందు ప్రొద్దుటూరులో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఇక్కడికి వచ్చాక రెండేళ్లు ఇంట్లో ఉన్నాను. డ్రైవింగ్ రాదు, ఈ ఊళ్లో కారు లేకుండా పాల ప్యాకెట్టు కూడా రాదు. అప్లికేషన్లు పంపేదాన్ని, మర్యాదగా తిప్పి పంపేవాళ్లు. ఆ రెండేళ్లలో నన్ను ఏ విషయం మీదైనా నా అభిప్రాయం అడిగినవాళ్లు లేరు. రెండు వేల నాలుగు జూన్‌లో, ఇక్కడి శీతాకాలంలో, ఒక చిన్న మ్యూజియం నన్ను ఆరు నెలలకు తీసుకుంది. వాళ్ల దగ్గర ప్రతి వస్తువుకూ ఒక అట్ట కార్డు ఉంది. ఆ కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఆరు నెలల తర్వాత నన్ను ఉంచుకోవాలో వద్దో అక్కడి పెద్ద, మార్గరెట్, తేల్చుతుంది. నాకు ఆ ఉద్యోగం ఎంత కావాలో నేను మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు. మళ్లీ ఆ ఇంట్లో, ఆ కిటికీ దగ్గర, నది మీది మంచు ఎప్పుడు విడుతుందా అని చూస్తూ కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం వెనక వరండాలో నిలబడి ఊరికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడుతున్నాను. పెట్టేసి వెనక్కి తిరిగితే తలుపులో ఒక పెద్దాయన, చేతిలో ఆకురాయి, తల మీద ఉన్ని టోపీ.

"ఏ ఊరమ్మా మనది?" అన్నారు.

నేను తెల్లబోయాను. ఆయన్ని అప్పటికి రెండు మూడుసార్లు చూశాను. ఫిజీ నుంచి వచ్చాడని, వస్తువులు నిలబెట్టే స్టాండ్లు చేస్తాడని ఎవరో చెప్పారు. తెలుగు వస్తుందని ఎవరూ చెప్పలేదు.

"ప్రొద్దుటూరు దగ్గర అంకుల్. మీది?"

"లౌటోకా." ఆకురాయిని మరో చేతికి మార్చుకుని, "మా తాతది ఇశాపట్నం దగ్గర ఏదో ఊరు. పేరు అడక్కు, మాకూ తెల్దు. మీ మాట వేరేగా ఉంది. పాట పాడినట్టు మాట్లాడతావేటి?"

"మీరే వేరేగా మాట్లాడుతున్నారు."

"నాది మా తాత మాట. ఓడ దిగిన కాడే ఆగిపోనాది. నువ్వే కొత్తది నేర్సుకున్నావు."

ఫిజీలో చక్కెర మిల్లులో, చెరుకు బళ్ల రైలు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో ఆయన కమ్మరి. అక్కడ గొడవలు జరిగాక కూతురి కుటుంబంతో పాటు ఇక్కడికి వచ్చేశారు. మ్యూజియంలో ఆయన పని సన్నని ఇత్తడి కడ్డీలను వంచి, వస్తువును నొక్కకుండా, గీరకుండా పట్టుకునే కొక్కేలు చేయడం. ప్రదర్శనలో చూసేవాళ్లకు వస్తువు కనపడాలి, కొక్కెం కనపడకూడదు. "నా పని ఎవులికీ అవుపడకపోతే నేను బాగా సేసినట్టు" అనేవారు. ఫిర్యాదుగా కాదు, కొలత చెప్పినట్టు.

ఆగస్టులో గొడ్డళ్లు వచ్చాయి. ఎప్పుడో కాంగోలో వైద్యం చేసిన ఒక మిషనరీ కుటుంబం నలభై ఏళ్ల కిందట ఇచ్చిన పెట్టె. అప్పటి నుంచీ స్టోరు రూములో ఒక మూల ఉంది. వసంతంలో ఒక చిన్న ప్రదర్శన పెడదామని మార్గరెట్ దాన్ని తెరిపించింది. పాత దుప్పటి ముక్కల్లో చుట్టిన ఏడు గొడ్డళ్లు. కాంగోలో సోంగే అనే జనం చేసినవి. ఏ రెండూ ఒకలా లేవు. ఒకదానికి నెలవంకలాంటి నిండు పలక, దాని మీద ఉలితో గీసిన సన్నని గీతలు. ఒకదానికి పలక, పిడి నేరుగా అతకలేదు; మధ్యలో మూడు ఇనుప కడ్డీలు, తాడులా మెలితిప్పినవి, వాటి సందుల్లోంచి అవతలి గోడ కనపడుతుంది. ఒకదాని పిడి చివర చెక్కలోనే మనిషి తల చెక్కారు. ఒకదాని పిడికి సన్నని తీగ వరసగా చుట్టారు. మరొకటి ఉత్త చెక్క పిడి, చేతుల నూనెతో నున్నబడింది. ఒకటి చిన్నది, తేలికది, తళతళలాడేది. ఏడోదాన్ని చూడటానికి మాత్రం మేం ముగ్గురం ఒకేసారి వంగాం. పిడి అంతా రాగి రేకు తొడిగారు, చెక్కకు చర్మంలా అతుక్కుని ఉంది. పలకను పట్టుకున్న కడ్డీల మీద చిన్న చిన్న ముఖాలు, అటువైపూ ఇటువైపూ. కళ్లు, ముక్కు, మూసిన నోరు. ఒక్కో ముఖం నా బొటనవేలి గోరంత. లెక్కపెడితే పద్నాలుగు.

పాత కార్డుల మీద ఎవరో టైపు కొట్టారు. ఐదింటికి "యుద్ధపు గొడ్డలి." చిన్నదానికి "పిల్లల గొడ్డలి." ముఖాలున్నదానికి "తలలు నరికే గొడ్డలి." నేను కంప్యూటర్‌లోకి అలాగే ఎక్కించడం మొదలుపెట్టాను. నా పని అదే కదా.

అప్పన్న అంకుల్ వాటిని తన బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి వరసగా పెట్టుకుని, దీపం దగ్గరికి లాక్కుని రెండు రోజులు చూశారు. మూడో రోజు నన్ను పిలిచారు.

"ఓలమ్మా, డాక్టరమ్మా, ఆ గ్లౌజులేసుకుని ఇటు రా. ఈ అంచు సూడు. ఏటవుపడతంది?"

"అంచు."

"చదువుకున్నావు కదా, బాగా సూడు. దీనికి ఎప్పుడైనా పదునెట్టారా?"

పెట్టలేదు. అంచు మొద్దుగా, సమంగా ఉంది. రాతి మీద నూరిన జాడ లేదు, దేన్నైనా కొట్టిన నొక్కు లేదు.

"ఈ కడ్డీలు సూడు. ఒకే ఇనప ముక్కని వేడి మీద సీల్చి తీశాడు. అతకలేదు. మళ్లీ మళ్లీ కొలిమిలో ఎట్టి, మళ్లీ మళ్లీ తీసి. ఈ మొకాలు ఇనుము ఎర్రగా ఉన్నప్పుడే ఉలితో కొట్టాడు, ఒక్కో దెబ్బకి లెక్కుంది. ఇంత సేసినోడు దీంతో తల నరకమంటాడా? ఒక్క దెబ్బకి ఈ కడ్డీ ఇరుగుతుంది. ఇది కొట్టేది కాదమ్మా. మొయ్యడానికి సేసింది."

"ఎవరు మోస్తారు?"

"అది పుస్తకాల్లో నువ్వు సూడు. నాకు ఇనుము సెప్పింది నేను సెప్పాను."

నేను యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి చదివాను. ఆయన చెప్పింది నిజం. అవి పెద్దరికానికి గుర్తులు. నాయకుడు సభకు వచ్చేటప్పుడు, నాట్యంలో అడుగు వేసేటప్పుడు భుజాన ఆనించుకుని వస్తాడు. ఎంత రాగి, ఎంత పనితనం ఉంటే అంత హోదా. కడ్డీల మీది ముఖాలు వంశంలోని పెద్దలవని కొందరు రాశారు, తెలియదని కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్ల మీద నాకు నమ్మకం కలిగింది. చుట్టుపక్కల జనాలు కూడా వీటిని ఇచ్చిపుచ్చుకునేవారట. ఆ పనిచేసే కమ్మరికి అక్కడ నాయకుడి పక్కన చోటు ఉండేదట. ఇది చెప్పినప్పుడు అంకుల్ ఆకురాయి ఆపి, "పక్కనా?" అని ఒకసారి అడిగి, మళ్లీ పనిలో పడ్డారు. చిన్న గొడ్డలి సంగతి మాత్రం ఆయనే తేల్చారు. "ఇది పిల్లలకి కాదు. తెల్లోడికి అమ్మడానికి సేశాడు. తొందర అవుపడతంది. మనమూ సేశాం లే, మిల్లుకొచ్చే టూరిస్టులకి బుల్లి ఇంజన్లు."

మార్గరెట్ ఒప్పుకుంది. కార్డులు దిద్దమంది. నేను తెల్ల ఇంకు సీసా తీశాను. అంకుల్ నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"సెరపకు. తప్పు మీద ఒక్క గీత గియ్యి, కిందిది సదవడానికి వీలుగా. పక్కన సరైంది రాయి. కింద నీ పేరు, తేదీ."

అది మ్యూజియం పద్ధతే. కానీ ఆయన చెప్పిన తీరులో పద్ధతి కంటే ఎక్కువ ఏదో ఉంది. అడిగాను. ఆయన పర్సులోంచి మడతలు పడిన ఒక జిరాక్సు కాగితం తీశారు. వాళ్ల తాత ఫిజీ చెరుకు తోటల్లో పనికి ఓడ ఎక్కినప్పుడు రాసిన కాగితం. పేరు, తండ్రి పేరు, ఎత్తు. వృత్తి దగ్గర "కూలి." ఒంటి మీద గుర్తులు అన్నచోట "కుడి ముంజేతి మీద కాలిన మచ్చలు."

"మచ్చ రాశాడు సూడు," అన్నారు అంకుల్. "అది ఎందుకొచ్చిందో అడగనేదు. మా తాత కమ్మరి. ఆయన తండ్రీ కమ్మరే. కాగితంలో కూలి. బతికినంత కాలం చెరుకు నరికాడు. కొలిమి కాడికి మా నాన్నే మళ్లీ ఎళ్లాడు. ఈ కాగితం ఎవులూ దిద్దనేదు. దిద్దడానికి అందులో సోటు కూడా ఒగ్గనేదు."

ఆ తర్వాతే ఆయన నన్ను తెలుగు అక్షరాలు నేర్పమన్నారు. మాట్లాడటమే తప్ప రాయడం వాళ్ల ఇంట్లో ఎవరికీ రాదు. భోజనాల వేళ, ఆయన రొట్టె, నా పెరుగన్నం మధ్యలో నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేవాళ్లం. అరవై దాటిన మనిషి, అంత పనితనం ఉన్న వేళ్లు, పెన్సిలును ఉలిలా బిగించి పట్టుకునేవి. "ఇనుము కంటే గట్టిగుంది నీ తెలుగు" అనేవారు. ఒక్కో అక్షరాన్నీ కొక్కెం వంచినట్టు వంచేవారు.

అక్టోబరులో విజయదశమి పనిదినం నాడు వచ్చింది. ముందు రోజు ఆయన, "మా ఇంట్లో కుంకుమ అయిపోనాది, రేపు కొంచెం తే అమ్మా. పనిముట్లకి ఎట్టుకుందాం" అన్నారు. మా వైపు ఆయుధపూజ పెద్ద పండుగ. మా నాన్న స్కూటరుకు, మా అన్న లేతు మిషనుకు, నేను పుస్తకాలకు బొట్లు పెట్టేవాళ్లం. ఈ దేశం వచ్చాక ఒక్కసారీ చెయ్యలేదు. భరిణె తీసుకుని పొద్దున్నే వెళ్లాను. ఆయన కుంకుమలో రెండు చుక్కల నీళ్లు కలిపి, ఇనుమును పెట్టి కొట్టే దాగలికి పెట్టారు, పెద్ద సుత్తికి పెట్టారు. "మిగతావాటికి నువ్వెట్టు. కారులో కొబ్బరికాయ ఒగ్గేసినాను, తెత్తాను" అని బయటికి వెళ్లారు.

నేను వరసగా పెట్టుకుంటూ వెళ్లాను. పట్టుకారు, ఉలులు, ఆకురాళ్లు, డ్రిల్లు మిషను. బల్ల చివర, మెత్తటి గుడ్డ మీద, కొక్కెం కొలతల కోసం తీసిన ముఖాల గొడ్డలి ఉంది. చెయ్యి ఆగలేదు అని రాస్తే నాకు సుఖంగా ఉంటుంది. నిజానికి ఒక క్షణం ఆగింది. ఇదీ ఒక కమ్మరి చేసిందే, నలభై ఏళ్లుగా దీనికి ఒక్కరూ మొక్కలేదు అనుకున్నాను. అనుకున్నాకే పెట్టాను. రాగి పిడి మీద, పలకకు నాలుగు వేళ్ల కింద, గుండ్రంగా ఒక బొట్టు.

పెట్టిన మరుక్షణం నాకు తెలివి వచ్చింది. గ్లౌజులు కూడా లేవు. చేతిరుమాలు తీసి తుడిచాను. తడి కుంకుమ రాగి రేకు మీది సన్నని ఉలి గీతల్లోకి దిగింది. ఇంకా గట్టిగా రుద్దాను. ఎన్నేళ్లుగానో పేరుకున్న నలుపు రుమాలుకు వచ్చేసి, కింద రాగి తళుక్కుమంది. అర్ధరూపాయంత మెరుపు.

"తుడవకు."

ఆయన తలుపులో నిలబడి ఉన్నారు, చేతిలో కొబ్బరికాయ.

"పోతుంది అంకుల్, ఇంకొంచెం..."

"తుడవకమ్మా. సెయ్యి తియ్యి."

తీశాను. ఆయన దగ్గరికి వచ్చి దీపం వంచి చూశారు. చాలాసేపు చూశారు. నాకు ఏడుపు రాలేదు, లెక్క మొదలైంది. నా ఉద్యోగం తేలడానికి ఇంకా రెండు నెలలు ఉంది. మార్గరెట్ తొమ్మిదిన్నరకు వస్తుంది. గోడ గడియారంలో ఎనిమిదీ యాభై.

"మీరు చెయ్యగలరు కదా," అన్నాను. "కొంచెం మసి, కొంచెం మైనం. నల్లగా కలిపేయగలరు."

"సెయ్యగలను. పది నిమిసాల పని. నేను సేస్తే మార్గరెట్ కాదు, దీన్ని సేసినోడొచ్చినా పోల్చుకోనేడు."

"మరి?"

"అందుకే సెయ్యను."

ఆ మాట నాకు అప్పుడు మాటల గారడీలా వినిపించింది. కోపం వచ్చింది. "పోయేది మీ ఉద్యోగం కాదు కదా అంకుల్" అన్నాను. ఆయన వయసుకు, ఆయన నాకు చేసినవాటికి, అలా అనకూడదు. ఆయన కొబ్బరికాయను బల్ల మీద పెట్టారు. అది కొట్టలేదు.

"నీ ఉద్యోగం పోతాదో నేదో నాకు తెల్దు," అన్నారు. "నేను కలిపేస్తే ఇది బాగైపోయినట్టు అవుపడతాది. రేపు ఎవులైనా దీన్ని సూసి, ఈ నలుపు దాని నలుపే అనుకుంటారు. అది అబద్ధం. మా తాత కాగితం లాంటిదే. కార్డు తే."

తెచ్చాను. నిలబడే రాశాను: "పిడికి కుంకుమ అంటింది, కొంత నలుపు పోయింది." ఆయన ఇంగ్లీషు నెమ్మదిగా చదివి నా వంక చూశారు.

"దానంతటదే ఎగిరొచ్చి అంటిందా?"

ఒక్క గీత గీశాను. కింద మళ్లీ రాశాను. ఈ రోజు ఉదయం నేను పిడి మీద తడి కుంకుమ పెట్టాను. తర్వాత చేతిరుమాలుతో రుద్దాను. గీతల్లో ఎరుపు మిగిలింది. ఇంత మేర పాత నలుపు పోయింది. పేరు. తేదీ. నా జీవితంలో నేను రాసిన వాక్యాల్లో అంత కష్టమైనవి లేవు, అంత చిన్నవీ లేవు.

మార్గరెట్ కార్డు రెండుసార్లు చదివింది. "రాసినందుకు థాంక్స్," అంది. "నేను చెప్పేదాకా మీరు ఏ వస్తువునూ ముట్టుకోవద్దు. మిగతాది తర్వాత మాట్లాడదాం." ఆ కార్డును ఎక్కించడం నా చేత కాలేదు, తనే ఎక్కిస్తానని తీసుకుంది. ఆ రాత్రి ఇంటికి వెళ్లి మా ఆయనతో, ఉద్యోగం పోయినట్టే అనుకో అని చెప్పాను.

పది రోజుల తర్వాత జోసెఫ్ అనే పెద్దాయన వచ్చారు. కాంగో నుంచి శరణార్థిగా వచ్చి, కొడుకు దగ్గర హామిల్టన్‌లోనే ఉంటున్నారు. సోంగే వాళ్లకు ఇరుగుపొరుగు జనం తమదని, చిన్నప్పుడు ఇలాంటివి చూశానని చెప్పారు. ప్రదర్శనకు ముందు చూసి మంచిచెడ్డలు చెప్పమని మార్గరెట్ పిలిచింది. ఆయన ఏడింటినీ ఒక్కొక్కటిగా చూసి ముఖాల గొడ్డలి దగ్గర ఆగారు.

"ఈ ఎరుపు ఏమిటి?"

మార్గరెట్ నా వైపు చూసింది. అంకుల్ చూడలేదు, తన కొక్కెం వంక చూసుకుంటున్నారు. నేనే చెప్పాను. అంతా చెప్పాను, రుద్దిన సంగతితో సహా.

"మీ దేశంలో ఇది ఎవరికి పెడతారు?" అన్నారాయన నెమ్మదైన ఇంగ్లీషులో.

"దేవుడికి. పనిముట్లకు. ఇంటికి వచ్చిన ఆడవాళ్లకు."

"అడిగి పెడతారా?"

"అడగం. వాళ్లు నుదురు ముందుకు వంచుతారు. అప్పుడు పెడతాం."

ఆయన తల ఊపారు. "ఇది వంచలేదు," అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు. మళ్లీ ఆయనే అన్నారు. "మీరు గౌరవంతోనే పెట్టారు. నాకు అర్థమైంది. కానీ అది మీరు ఇవ్వాల్సింది కాదు. దీనికి ఇంతకంటే పెద్ద అన్యాయాలు జరిగి ఉంటాయి. దీన్ని ఎవరి చేతిలోంచి తీసుకున్నారో ఆ కార్డు మీద ఉందా? లేదు. మీ తప్పు ఒక్కటే రాసి ఉంది. ఉండనివ్వండి."

తర్వాత గ్లౌజులు తొడుక్కుని, అనుమతి అడిగి, గొడ్డలిని ఎత్తారు. పిడిని ఎడమ భుజాన ఆనించి నిటారుగా నిలబడ్డారు. ఆయన వేసుకున్నది దానం వచ్చిన బట్టలు అమ్మే సాల్వేషన్ షాపులో కొన్న పాత కోటు, మోచేతుల దగ్గర అరిగింది. అయినా నేను ఒకడుగు వెనక్కి వేశాను. వేశానని తర్వాత తెలిసింది. అప్పన్న అంకుల్ ఉన్ని టోపీ తీసేశారు. ఆ చేతిలో ఆ వస్తువు ఎవరినీ బెదిరించలేదు. దాని బరువుకు తగ్గట్టు నిలబడక తప్పదని మోసేవాడికే చెబుతున్నట్టుంది.

గొడ్డలిని దింపాక, ఈ కొక్కేలు ఎవరు చేశారని జోసెఫ్ అడిగారు. అంకుల్‌ను చూపించాను. కమ్మరి అని చెప్పాను. ఆయన గ్లౌజులు తీసేసి, అంకుల్ కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. "మా దగ్గర కమ్మరి ముందు గొంతు పెంచరు," అన్నారు.

సాయంత్రం అంకుల్ నన్ను కారులో ఇంటికి దింపారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "మిల్లులో మా ఓవర్‌సీర్‌కి ఎవులూ ఈ మాట సెప్పినట్టు నేదు," అన్నారు. నేను నవ్వాను. ఆ పది రోజుల్లో అదే మొదటిసారి నవ్వడం. నేను అన్న మాటకు క్షమించమని అడిగాను. "ఏ మాట?" అన్నారు. గుర్తులేక కాదు.

డిసెంబరులో మార్గరెట్ నాకు మూడు నెలలు పొడిగించింది, మార్చిలో మరో మూడు. రెండో ఏడు గడిచాక గానీ ఉద్యోగం ఖాయం కాలేదు. ఆమె ఎప్పుడూ ఆ గొడ్డలి సంగతి ఎత్తలేదు, ఎప్పుడూ మర్చిపోలేదు. కార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కడం పూర్తయ్యాక వాటిని పెట్టెల్లో సర్ది పై అరలో పెట్టాం. ఆ పెట్టె నేను తెరవలేదు. సిగ్గు. అంకుల్ రిటైరయ్యారు. చలికాలాల్లో దగ్గు మొదలైంది. కొలిమి పొగ ఊపిరితిత్తుల్లో ఎప్పుడో రాసిపెట్టినది డాక్టర్లు ఆలస్యంగా చదివారు. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు నా చేతి వేళ్లు పట్టుకుని వాసన చూసి, "రాగి ముట్టుకున్నావు," అన్నారు. నిజమే, ఆ పొద్దున చెంబుతో దేవుడి దగ్గర నీళ్లు పెట్టి వచ్చాను.

ఆయన పోయిన వారానికి నిచ్చెన వేసుకుని ఆ పెట్టె దించాను. ఎందుకో నాకే స్పష్టంగా తెలియదు. ఆయన గీత గియ్యమన్న కార్డులు ఒకసారి చూడాలనిపించింది. "తలలు నరికే గొడ్డలి" మీద నా గీత. కింద నా దిద్దుబాటు. దాని కింద "అంటింది" అన్న వాక్యం మీద మరో గీత. దాని కింద నా నాలుగు వాక్యాలు, పేరు, తేదీ. అక్కడితో అయిపోవాలి. దాని కింద పెన్సిలుతో, లావుగా, వంకరగా, కొక్కేలు వరసగా పేర్చినట్టు తెలుగు అక్షరాలు ఉన్నాయి.

"కుంకుమ నేనే తెమ్మన్నాను. అప్పన్న."

తేదీ కూడా ఉంది. నేను రాసిన రోజే. మార్గరెట్ ఆ కార్డు తీసుకెళ్లే లోపు, నేను ముఖం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు రాసి ఉంటారు. ఇంగ్లీషులో రాయగలరు, రాస్తే మార్గరెట్ చదివేది, తప్పులో సగం ఆయన మీదికి వెళ్లేది, నా వాక్యాల బరువు తగ్గేది. నా బరువు నన్నే మొయ్యనిచ్చారు. తన వాటా తను రాసుకున్నారు, తాత మాట్లాడిన భాషలో, ఆ భవనంలో నేను తప్ప ఎవరూ చదవలేని అక్షరాల్లో. నేను అదే రోజు చూస్తానని అనుకుని ఉంటారా, ఎప్పటికీ చూడకపోయినా సరే అనుకున్నారా అన్నది నాకు తెలియదు. ఐదేళ్లు ఆయన ఎదురుగా కూర్చుని టీ తాగాను. ఒక్కసారీ చెప్పలేదు. మార్గరెట్ కార్డు ఎక్కించేటప్పుడు ఆ గీతలను ఏమనుకుందో మరి, వదిలేసింది.

ఇప్పుడు కొత్తగా పనికి వచ్చేవాళ్లకు కార్డులు రాయడం నేనే నేర్పుతాను. తెల్ల ఇంకు సీసా మా గదిలో ఉండదు. "పాడైంది," "విరిగింది" అని ఎవరైనా రాస్తే, దానంతటదేనా అని అడుగుతాను. వాళ్లకు ఆ ప్రశ్న ఎక్కడిదో తెలియదు.

నిన్న స్టోరు రూములో ఆ గొడ్డలిని తీసి చూశాను. గీతల్లో ఎరుపు ఇంకా సన్నగా ఉంది. మెరిసిన చోట రాగి ఏడాదికేడాది నల్లబడుతోంది. ఇంకో పదేళ్లకు చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోతుంది. పద్నాలుగు ముఖాలూ నోరు మూసుకునే ఉన్నాయి. దాన్ని మళ్లీ చుట్టిపెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వస్తువు పేజీ తెరిచాను. నా నాలుగు వాక్యాల కింద, అందరూ చదవగలిగేలా ఇంగ్లీషులో, ఆయన వాక్యం ఎక్కించాను. కుంకుమ తెమ్మన్నది ఎవరో, ఆయన పేరు, ఆయన వేసిన తేదీ. ఆ పక్కన వృత్తి అని ఒక గడి ఉంది, మేం ఎప్పుడూ ఖాళీగా వదిలేసేది. అందులో కమ్మరి అని రాశాను. ఎక్కించినవారు అన్నచోట నా పేరు, నిన్నటి తేదీ వేశాను.